పైరసీ సినిమా చూస్తే జైలేనా? ఐబొమ్మ కేసు లేపిన ప్రశ్నలు.. చట్టంలో ఏముంది? కోర్టులు ఏం చెప్పాయి?

పొద్దున సినిమా రిలీజ్.. సాయంత్రానికి టెలిగ్రామ్‌లో లింక్. మర్నాటికి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అదే లింక్. తెలుగు ప్రేక్షకులకు ఇదేం కొత్త కాదు. సీడీల కాలంలోనూ ఉంది, పెన్‌డ్రైవ్‌ల కాలంలోనూ ఉంది. కానీ 2025 నవంబర్‌లో ఐబొమ్మ నిర్వాహకుడంటూ హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఓ వ్యక్తిని అరెస్ట్ చేశాక ఈ విషయం ఒక్కసారిగా ఇంటింటి చర్చ అయిపోయింది. దొంగ దొరికాడని సినిమా వాళ్లు సంబరపడితే, పేదోడికి సినిమా చూపించినవాడిని పట్టుకున్నారంటూ సోషల్ మీడియాలో మరో వర్గం మీమ్స్ వేసింది. మధ్యలో మామూలు ప్రేక్షకుడికి వచ్చిన డౌట్ మాత్రం ఒక్కటే. మరి చూసిన మన సంగతేంటి?

ఈ డౌట్‌కి సూటి సమాధానం ఉంది. కానీ అది అర్థం కావాలంటే పైరసీ ఎలా జరుగుతుంది, చట్టం ఎవరిని దోషి అంటుంది, కోర్టులు ఎక్కడ గీత గీశాయి అన్నది తెలియాలి.

ఐబొమ్మ కేసులో ఏం జరిగింది?

తెలుగు సినిమాలను ఉచితంగా చూపించే సైట్లలో ఐబొమ్మకు ఉన్నంత పేరు మరే సైటుకీ లేదు. మిగతా పైరసీ సైట్లలా బూతు యాడ్స్, పది పాపప్‌ల గోల తక్కువ. ప్రింట్ క్వాలిటీ బాగుండేది. ఫోన్‌లో తక్కువ డేటాతో ఆడేది. ఎక్కువగా ఓటీటీలోకి వచ్చిన సినిమాలను కొద్ది గంటల్లోనే పెట్టేవాళ్లు. ఒక దశలో సైట్ నిర్వాహకులు తమ జోలికి రావద్దంటూ సినీ ఇండస్ట్రీకే వార్నింగ్ ఇచ్చేలా సందేశం పెట్టారు. పోలీసులు దాన్ని ఛాలెంజ్‌గానే తీసుకున్నారు.

నవంబర్ మధ్యలో అరెస్ట్ జరిగింది. విదేశాల నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు పట్టుకున్నామని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత సీపీ సజ్జనార్ పెట్టిన ప్రెస్‌మీట్‌కి చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, సురేష్ బాబు, దిల్ రాజు కూడా హాజరయ్యారు. ఓ పైరసీ కేసు ప్రెస్‌మీట్‌లో ఇంతమంది పెద్దలు ఒకే వేదిక మీద కనిపించడం మామూలు విషయం కాదు. నిందితుడి దగ్గర దొరికిన హార్డ్ డిస్కుల్లో 21 వేలకు పైగా సినిమాలు ఉన్నాయని, సుమారు 3 కోట్ల రూపాయలు స్వాధీనం చేసుకున్నామని, 50 లక్షల మంది యూజర్ల డేటా అతని దగ్గర ఉందని పోలీసులు వెల్లడించారు. బెట్టింగ్ యాప్‌ల ప్రమోషన్ ద్వారా డబ్బు వచ్చిందన్నది మరో ప్రధాన ఆరోపణ. ఐబొమ్మ, బప్పం సైట్లు మూతపడ్డాయి. ఇవన్నీ పోలీసులు చెప్పిన విషయాలే. కోర్టులో రుజువు కావాల్సిందే.

ఇక్కడ గమనించాల్సింది ఆ మూడో అంకె. 50 లక్షల మంది డేటా. ఫ్రీగా సినిమా చూశామని అనుకున్నవాళ్లు నిజానికి ఫ్రీగా చూడలేదు. ఫోన్ నంబరో, ఈమెయిలో, లేకపోతే బెట్టింగ్ యాప్‌లోకి ఓ క్లిక్కో.. ఏదో ఒకటి ఇచ్చే చూశారు. బెట్టింగ్ యాప్‌ల వల్ల అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని వచ్చాయో అందరికీ తెలుసు. రాబిన్‌హుడ్ అనే పోలిక ఇక్కడే దెబ్బతింటోంది. ఆ కథలో రాబిన్‌హుడ్ పేదల జేబు కొట్టడు.

అసలు ప్రింట్ బయటికి ఎలా వస్తుంది?

దారులు ప్రధానంగా మూడు. అందరికీ తెలిసిన పాత పద్ధతి థియేటర్లో రికార్డింగ్. ఒకప్పుడు హ్యాండీకామ్ తీసుకెళ్లేవాళ్లు. ఇప్పుడు షర్ట్ జేబులోంచి లెన్స్ మాత్రం బయటికి కనిపించేలా ఫోన్ పెడితే చాలు. 2025 జులైలో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్ట్ చేసిన ఓ యువకుడు ఏడాదిన్నరలో 65 సినిమాలు ఇలాగే ఫోన్‌తో తీశాడని, ఒక్కో ప్రింట్‌కి క్రిప్టోలో డబ్బు తీసుకున్నాడని పోలీసులు చెప్పారు. తెలుగు ఫిల్మ్ ఛాంబర్‌కి చెందిన యాంటీ వీడియో పైరసీ సెల్ ఇచ్చిన కంప్లయింట్‌తో ఈ కేసు మొదలైంది. 2024 జులైలో తిరువనంతపురంలో మరో వ్యక్తి దొరికాడు. థియేటర్ సీట్లో కూర్చుని సినిమా రికార్డ్ చేస్తుండగానే కేరళ పోలీసులు పట్టుకున్నారు.

ఇలాంటివాళ్లు ఎలా దొరుకుతున్నారంటే.. డిజిటల్ ప్రింట్‌లో కంటికి కనిపించని, చెవికి వినిపించని గుర్తులు ఉంటాయి. వాటర్‌మార్క్ అంటారు. సినిమా ఆడుతున్నంతసేపూ ఏ థియేటర్, ఏ స్క్రీన్, ఏ తేదీ, ఏ టైమ్ అన్న వివరం బొమ్మలోనూ సౌండ్‌లోనూ కలిసి వెళ్తుంటుంది. పైరసీ కాపీని ల్యాబ్‌లో పరిశీలిస్తే ఆ వివరం బయటపడుతుంది. అక్కడి నుంచి సీసీ కెమెరాలు, ఆన్‌లైన్ టికెట్ బుకింగ్ వివరాలు.. తీగ లాగితే డొంక కదులుతుంది.

రెండో దారి ఓటీటీ. సినిమా ప్లాట్‌ఫామ్‌లోకి వచ్చిన వెంటనే దాని తాళం తీసి, హెచ్‌డీ కాపీ లాగేస్తారు. ఐబొమ్మ లాంటి సైట్లకు ఇదే ప్రధాన ముడిసరుకు. మూడోది అన్నింటికంటే ప్రమాదకరం. ఇంటి దొంగ, లేదా హ్యాకింగ్. థియేటర్లకు సినిమాలు పంపించే డిజిటల్ కంపెనీల సర్వర్లలోకి హ్యాకర్లు చొరబడ్డారని 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టారు. అదే నిజమైతే థియేటర్ గేటు దగ్గర ఎంత చెకింగ్ చేసినా లాభం లేదు.

ఇంటి దొంగ అనగానే తెలుగు వాళ్లకు గుర్తొచ్చేది 'అత్తారింటికి దారేది'. 2013 సెప్టెంబర్ 22న, రిలీజ్‌కి ముందే, దాదాపు గంటన్నర సినిమా నెట్‌లో ప్రత్యక్షమైంది. సీడీలు కృష్ణా జిల్లా పెడనలో బయటపడ్డాయి. ఎడిటింగ్ దశలో సినిమా చేతికందిన ఓ ప్రొడక్షన్ అసిస్టెంట్ నుంచి స్నేహితులకు, వాళ్ల నుంచి వీడియో షాపుకి.. అలా చేతులు మారిందని దర్యాప్తులో తేలింది. అరెస్టైన వాళ్లలో ఓ పోలీసు కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల వాయిదా పడి అక్టోబర్ 9కి ఫిక్సయిన రిలీజ్‌ని నిర్మాతలు సెప్టెంబర్ 27కి లాక్కొచ్చారు. సగం సినిమా ఫోన్‌లో చూసినవాళ్లు కూడా థియేటర్‌కి వచ్చారు. సినిమా సూపర్ హిట్. పైరసీ వల్ల నష్టమేం లేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఈ ఉదాహరణే చెబుతారు. కానీ స్టార్ హీరో సినిమాకి వర్తించింది చిన్న సినిమాకి వర్తించదు. ఆ విషయానికి మళ్లీ వద్దాం.

2025 మొదట్లో జరిగిన రెండు ఘటనలు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సంక్రాంతికి వచ్చిన 'గేమ్ ఛేంజర్' పైరసీ ప్రింట్‌ను విశాఖ గాజువాకలో ఓ లోకల్ కేబుల్ ఛానల్ ఏకంగా టెలికాస్ట్ చేసింది. కేసు, అరెస్ట్ జరిగాయి. ఫిబ్రవరిలో 'తండేల్' రిలీజైన కొద్ది రోజులకే పలాస నుంచి విజయవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో ఆ సినిమా పైరసీ కాపీ వేశారు. మత్స్యకారుల కథతో శ్రీకాకుళం నేపథ్యంలో తీసిన సినిమాని శ్రీకాకుళం జిల్లా నుంచి బయలుదేరిన గవర్నమెంట్ బస్సులోనే దొంగ ప్రింట్‌తో చూపించడం.. నిర్మాతలు గొడవ చేయడంతో ఆర్టీసీ ఛైర్మన్ విచారణకు ఆదేశించారు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో పైరసీకి రెండు చట్టాలు ముఖ్యం. పాతది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఇందులో సెక్షన్ 63 ప్రకారం, తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. రెండోసారి దొరికితే కనీస శిక్ష ఏడాదికి, కనీస జరిమానా లక్షకి పెరుగుతుంది. డిజిటల్ తాళాలు పగలగొట్టడం నేరమంటూ 2012లో కొత్త సెక్షన్లు చేర్చారు. సెక్షన్ 63 కింద పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చా, బెయిల్ హక్కుగా వస్తుందా అన్న దానిపై హైకోర్టులు తలో మాట చెబుతూ వచ్చాయి. 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరమే అంది. అంటే పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చు, బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం.

కొత్తది 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ. జులై 27న రాజ్యసభ, 31న లోక్‌సభ ఆమోదించాయి. థియేటర్లో సినిమా రికార్డ్ చేయడం, దొంగ కాపీని లాభం కోసం జనానికి చూపించడం ఈ సవరణతో ప్రత్యేక నేరాలయ్యాయి. శిక్ష కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్లు. జరిమానా కనీసం 3 లక్షలు, గరిష్ఠంగా ఆ సినిమా ఆడిటెడ్ నిర్మాణ వ్యయంలో 5 శాతం. ఇది చిన్న విషయం కాదు. 100 కోట్ల సినిమా అయితే 5 కోట్ల జరిమానా వరకు వెళ్లొచ్చు.

ఇందులో ఫస్ట్ డే ఫస్ట్ షో బ్యాచ్ తెలుసుకోవాల్సిన పాయింట్ ఒకటి ఉంది. చట్టం మొత్తం సినిమా గురించి మాత్రమే మాట్లాడటం లేదు. సినిమా గానీ, 'అందులో ఒక భాగం' గానీ అంటోంది. హీరో ఎంట్రీ సీన్, ఇంటర్వెల్ బ్యాంగ్ ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టుకోవడం, రీల్ చేయడం.. అభిమానంతో చేసినా చట్టం మాటల ప్రకారం అది గీత దాటడమే. ఒక్క స్టేటస్‌కి పోలీసులు ఇంటికొచ్చే సందర్భాలు అరుదు. నిర్మాణ సంస్థలే కొన్నిసార్లు ఆ క్లిప్పులను పబ్లిసిటీగా చూసి చూడనట్టు వదిలేస్తాయి. కానీ వదిలేయడం వేరు, అనుమతించడం వేరు.

మరి చూసేవాళ్ల సంగతి?

ఇప్పుడు అసలు ప్రశ్న. దీనికి దారి చూపించింది బాంబే హైకోర్టు. 2016లో 'డిషూమ్' అనే హిందీ సినిమా నిర్మాతలు పైరసీ సైట్లను బ్లాక్ చేయాలని కోర్టుకెళ్లారు. వందల కొద్దీ లింకుల లిస్ట్ ఇచ్చారు. జస్టిస్ గౌతమ్ పటేల్ మాత్రం గంపగుత్తగా సైట్లు మూసేయడం కుదరదన్నారు. ఏ లింకులో దొంగ సినిమా ఉందో ఒక్కొక్కటీ చెక్ చేసి తీసుకురమ్మన్నారు. అలా తెచ్చాకే బ్లాకింగ్‌కి ఒప్పుకున్నారు.

ఆ తర్వాత అసలు గోల మొదలైంది. బ్లాకైన సైట్ ఓపెన్ చేస్తే, ఈ కంటెంట్ 'చూడటం, డౌన్‌లోడ్ చేయడం' కూడా శిక్షార్హమైన నేరమేనంటూ జైలు, జరిమానా హెచ్చరికతో ఓ మెసేజ్ రావడం మొదలైంది. దేశమంతా హడలిపోయింది. టోరెంట్ సైట్ ఓపెన్ చేస్తే మూడేళ్ల జైలు అని వార్తలొచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో జడ్జి మళ్లీ జోక్యం చేసుకుని ఆ మెసేజ్ మార్చమన్నారు. నేరం ఉన్నది చూడటంలో కాదు, అనుమతి లేకుండా పంచడంలో, జనానికి ప్రదర్శించడంలో, అమ్మడం లేదా అద్దెకివ్వడంలో అని స్పష్టం చేశారు.

అంటే స్ట్రీమింగ్‌లో చూసినంత మాత్రాన మన చట్టంలో నేరుగా శిక్ష లేదు. డౌన్‌లోడ్ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం కాస్త మసకబారుతుంది. కాపీ తయారుచేయడం కాపీరైట్ యజమాని హక్కు. సొంత అవసరానికి చట్టంలో కొంత మినహాయింపు ఉంది కానీ, దొంగ సైట్ నుంచి తెచ్చుకున్న కాపీకి ఆ మినహాయింపు దక్కుతుందా అంటే గట్టిగా అవునని చెప్పే లాయర్ దొరకడం కష్టం. ఇక లింక్ ఫార్వర్డ్ చేయడం, టెలిగ్రామ్ ఛానల్లో ఫైల్ పెట్టడం, నలుగురికీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించివ్వడం.. అక్కడ మీరు చూసేవాళ్లు కాదు, పంచేవాళ్లు.

టోరెంట్‌లో ఓ మెలిక ఉంది. చాలామందికి తెలియదు. టోరెంట్‌లో ఫైల్ దిగుతున్నప్పుడే మీ దగ్గరున్న ముక్కలు మిగతావాళ్లకు వెళ్తుంటాయి. అంటే డౌన్‌లోడ్ చేస్తున్నవాళ్లు తెలియకుండానే అప్‌లోడ్ కూడా చేస్తున్నట్టు. దీని రుచి బాగా తెలిసింది జర్మనీకి చదువుకోవడానికి వెళ్లినవాళ్లకు. అక్కడ లాయర్ ఆఫీసులు టోరెంట్‌లో కనిపించే ఐపీ అడ్రస్‌లను నోట్ చేసుకుని, కోర్టు ద్వారా ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో తెలుసుకుని, నేరుగా ఇంటికి లెటర్ పంపుతారు. 'అబ్‌మానుంగ్' అంటారు దాన్ని. ఒక్క సినిమాకి వందల యూరోలు కట్టమని ఉంటుంది. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో కనెక్షన్ ఒకరి పేరు మీద, టోరెంట్ ఆన్ చేసింది ఇంకొకరు. లెటర్ వచ్చేది మాత్రం కనెక్షన్ ఉన్నవాడికే. అక్కడి విద్యార్థుల గ్రూపుల్లో కొత్తగా వచ్చినవాళ్లకు సీనియర్లు ముందే చెప్పే జాగ్రత్తల్లో ఇదొకటి.

ఫ్రాన్స్ మరో దారి పట్టింది. 2009లో 'హడోపి' అనే సంస్థను పెట్టి, మొదట హెచ్చరిక, మళ్లీ హెచ్చరిక, ఆ తర్వాతే కోర్టు అనే పద్ధతి తెచ్చింది. మన దగ్గర కూడా ఇలాంటి ఆలోచన వచ్చింది. 2019లో ఢిల్లీ హైకోర్టు ఓ తీర్పులో, పైరసీ చూసేవాళ్లకు ముందు వార్నింగ్ పంపి, వినకపోతే ఫైన్ వేసే విధానాన్ని పరిశీలించమని కేంద్రానికి సూచించింది. అది సూచనగానే మిగిలింది.

సైట్ మూస్తే ఆగుతుందా?

మూసిన గంటలో అదే పేరు, చివర్లో ఒక్క అక్షరం తేడాతో కొత్త సైట్. పురాణాల్లో రక్తబీజుడి కథ గుర్తొస్తుంది. ఒక్క చుక్క నేల రాలితే ఇంకో రాక్షసుడు. ఢిల్లీ హైకోర్టు పైన చెప్పిన 2019 తీర్పులో ఇలాంటి సైట్లను గ్రీకు కథల్లోని హైడ్రాతో పోల్చింది. ఒక తల నరికితే మరిన్ని తలలు వచ్చే పాము అది. తెలంగాణలో హైడ్రా అంటే ఇప్పుడు బుల్డోజర్ గుర్తొస్తుంది, అది వేరే విషయం. ఆ తీర్పులో జస్టిస్ మన్మోహన్ 'డైనమిక్ ఇంజంక్షన్' అనే పద్ధతి తెచ్చారు. అంటే ఓసారి బ్లాకింగ్ ఆర్డర్ వచ్చాక, అదే సైట్ వేరే అడ్రస్‌తో వస్తే మళ్లీ కొత్త కేసు అక్కర్లేదు, కోర్టు అధికారికి అప్లికేషన్ పెడితే చాలు. 2023 ఆగస్టులో జస్టిస్ ప్రతిభా సింగ్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. ఇంకా రిలీజ్ కాని, భవిష్యత్తులో తీయబోయే సినిమాలకు కూడా రక్షణ వర్తించేలా 'డైనమిక్ ప్లస్' ఆర్డర్ ఇచ్చారు.

నిర్మాతలకు ఇది వరం. కానీ దీనికి రెండో వైపు ఉంది, అందులో ఓ తెలుగు సినిమా పేరు కూడా ఉంది. 2012లో చెన్నైకి చెందిన ఓ సంస్థ తమిళ సినిమా '3', ఎన్టీఆర్ హీరోగా వచ్చిన 'దమ్ము' సినిమాల కోసం మద్రాస్ హైకోర్టు నుంచి ఆర్డర్లు తెచ్చింది. ఊరూ పేరూ తెలియని నిందితుల మీద ఇచ్చే ఇలాంటి వాటిని 'జాన్ డో' ఆర్డర్లు అంటారు. టెలికాం కంపెనీలు ఎందుకొచ్చిన తంటా అనుకుని విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్ లాంటి సైట్లను మొత్తంగా మూసేశాయి. సినిమాతో సంబంధం లేని వేల మంది తమ వీడియోలు తాము చూసుకోలేకపోయారు. అనానిమస్ పేరుతో హ్యాకర్లు నిరసనగా దాడులకు దిగారు. చివరికి జూన్‌లో కోర్టే వివరణ ఇచ్చింది. బ్లాక్ చేయాల్సింది ఆ సినిమా ఉన్న లింకునే గానీ సైట్ మొత్తాన్ని కాదని.

గుణపాఠం నేర్చుకున్నామా అంటే లేదు. 2017 ఆగస్టులో హిందీ సినిమాల కోసం తెచ్చిన ఆర్డర్ల దెబ్బకి 2,650 దాకా సైట్లు బ్లాక్ అయ్యాయి. వాటిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. పాత వెబ్ పేజీలను, పాత పుస్తకాలను దాచి ఉంచే లైబ్రరీ లాంటి సైట్ అది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు కూడా అక్కడ బోలెడున్నాయి. ఒక సినిమా రెండు వారాల కలెక్షన్ల కోసం ఓ లైబ్రరీకి తాళం వేయడం ఏ లెక్కన చూసినా ఎక్కువే.

ఇప్పుడు కోర్టు కూడా అక్కర్లేని మార్గం వచ్చింది. 2023 నవంబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, సెన్సార్ బోర్డు కార్యాలయాల్లో 12 మంది నోడల్ ఆఫీసర్లను పెట్టింది. కాపీరైట్ ఉన్నవాళ్లు గానీ, వాళ్ల తరఫున ఎవరైనా గానీ కంప్లయింట్ ఇస్తే, 48 గంటల్లో లింక్ తీసేయాలని ప్లాట్‌ఫామ్‌లను ఆదేశిస్తారు. హక్కుతో సంబంధం లేని వ్యక్తి కంప్లయింట్ ఇస్తే మాత్రం నిజానిజాలు తేల్చుకోవడానికి ఆఫీసర్ విచారణ జరపొచ్చు. కోర్టు ఫీజు, లాయర్ ఖర్చు లేకుండా అయ్యే పని కాబట్టి చిన్న నిర్మాతకు ఇది పెద్ద ఊరట. అయితే 48 గంటలంటే సినిమాకి తొలి వీకెండ్ అయిపోయినట్టే. ఇంకోవైపు, తప్పుడు కంప్లయింట్‌తో ఓ మామూలు వీడియో పోతే ఆ యూట్యూబర్ ఎవరికి మొరపెట్టుకోవాలన్నది కూడా తేలాలి.

టెలిగ్రామ్ సంగతి వేరే. అక్కడ ఛానల్ నడిపేవాడి పేరు, నంబర్ బయటికి కనపడవు. ఎన్నాళ్లూ అదే ధీమా. 2022 ఆగస్టులో ఓ కోచింగ్ టీచర్ వేసిన కేసులో, తన క్లాసుల వీడియోలను దొంగతనంగా అమ్ముతున్న ఛానళ్ల వివరాలు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయి, అక్కడి చట్టం ఒప్పుకోదు అన్న వాదన చెల్లలేదు. టెలిగ్రామ్ చివరికి ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రస్‌లు కోర్టుకి ఇచ్చింది. టెలిగ్రామ్‌లో ఎవరికీ దొరకం అనుకునేవాళ్లు ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి.

నష్టం ఎంత? లెక్కల్లో తిరకాసు

పైరసీ నష్టం అనగానే వేల కోట్ల అంకెలు వినపడతాయి. ఈవై, ఐఏఎంఏఐ కలిసి 2024లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం 2023లో భారత్‌లో పైరసీ విలువ 22,400 కోట్ల రూపాయలు. ఇందులో 13,700 కోట్లు థియేటర్ సినిమాలది, 8,700 కోట్లు ఓటీటీది. మీడియా చూసేవాళ్లలో 51 శాతం మంది ఏదో ఒక పైరసీ సోర్స్ వాడుతున్నారని ఆ రిపోర్ట్ అంటోంది. ఒక్క తెలుగు సినిమాకే 2024లో 3,700 కోట్లు నష్టమని హైదరాబాద్ పోలీసుల ప్రెస్‌మీట్‌లో చెప్పారు.

ఈ అంకెలను ఉన్నదున్నట్టు మింగేయక్కర్లేదు. ఫ్రీగా చూసిన ప్రతి ఒక్కడూ, అది దొరక్కపోతే టికెట్ కొనేవాడే అనుకుంటేనే ఇంత పెద్ద లెక్క వస్తుంది. నిజ జీవితంలో అలా ఉండదు. చాలామంది అసలు చూడరంతే.

అలాగని నష్టమే లేదనడం కూడా తప్పే. యూరోపియన్ కమిషన్ ఇదే ప్రశ్న మీద ఓ పెద్ద అధ్యయనం చేయించింది. 2015లో పూర్తయినా బయటికి రాలేదు. 2017లో ఓ ఎంపీ పట్టుబట్టి బయటికి తెచ్చారు. సంగీతం, పుస్తకాలు, గేమ్స్ విషయంలో పైరసీ వల్ల అమ్మకాలు తగ్గాయని గట్టి ఆధారం దొరకలేదు. కానీ కొత్తగా రిలీజైన హిట్ సినిమాల దగ్గర మాత్రం స్పష్టంగా దెబ్బ కనిపించింది. దొంగతనంగా పది చూస్తే, డబ్బిచ్చి చూసేవి నాలుగు తగ్గాయి. పదికి పది కాదు, సున్నా కూడా కాదు. నాలుగు. మన దగ్గర ఇలాంటి అధ్యయనం ఒక్కటి జరిగినా ఇటు ఇండస్ట్రీ గొంతు, అటు మీమ్స్ గొంతు రెండూ కాస్త తగ్గేవి.

దెబ్బ అందరికీ ఒకేలా తగలదు కూడా. స్టార్ సినిమాకి అభిమానులు మొదటి మూడు రోజుల్లోనే టికెట్లు తెంపేస్తారు. చిన్న సినిమా బతికేది మౌత్ టాక్ మీద. బాగుందట అని నలుగురికీ తెలిసేసరికి వారం పడుతుంది. సరిగ్గా ఆ వారంలోనే హెచ్‌డీ ప్రింట్ ఫోన్‌లోకి వస్తే, రావాల్సిన ఆ ప్రేక్షకుడు రాడు. ఐబొమ్మ ప్రెస్‌మీట్‌లో కూర్చున్నది పెద్దవాళ్లే. ఎక్కువ కోల్పోయేది మాత్రం ఆ ఫ్రేమ్‌లో లేనివాళ్లు.

టికెట్ రేట్ల వాదన

పైరసీని సమర్థించేవాళ్లు మొదట చూపించే వేలు టికెట్ రేటు వైపే. అందులో పస లేదని కొట్టిపారేయలేం. 2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్‌కి తెలంగాణ ప్రభుత్వం టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతిచ్చింది. నలుగురున్న కుటుంబం ఆ షోకి వెళ్లాలంటే పెరిగిన రేటే 3,200. దానికి పాప్‌కార్న్, పార్కింగ్ వేరే. ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకోలా నడిచింది. 2021 ఏప్రిల్‌లో జీవో 35తో అప్పటి ప్రభుత్వం రేట్లు బాగా తగ్గించేసింది. థియేటర్లు నడపలేమని యజమానులు గగ్గోలు పెట్టారు, కొన్ని మూసేశారు కూడా. 2022 మార్చిలో రేట్లు సవరిస్తూ మరో జీవో వచ్చింది.

మరి ఏపీలో రేట్లు నేలకు దిగిన ఆ పదకొండు నెలల్లో పైరసీ లింకులు రావడం ఆగిందా? ఆగలేదు. కాబట్టి రేటు ఒక్కటే కారణం అనడం కుదరదు. అసలు ఓటీటీ కంటెంట్‌కి కూడా పైరసీ ఉంది, అక్కడ టికెట్ రేటే లేదు. అయితే అక్కడ ఇంకో ఇబ్బంది. ఒక సినిమా ఒక యాప్‌లో, ఇంకోటి మరో యాప్‌లో. అన్నీ చూడాలంటే నాలుగైదు సబ్‌స్క్రిప్షన్లు. ఐబొమ్మ లాంటి సైట్లు ఇచ్చిన సౌకర్యం ఫ్రీ ఒక్కటే కాదు.. అన్నీ ఒకేచోట దొరకడం.

పాటల విషయంలో ఏం జరిగిందో చూస్తే ఇది అర్థమవుతుంది. పదిహేనేళ్ల కిందట ఎంపీ3 సైట్లు లేని తెలుగు కుర్రాడు లేడు. ఊరి సెంటర్లో మొబైల్ షాపు వాడు మెమరీ కార్డులో 500 పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఆ వ్యాపారాన్ని పోలీసు రైడ్లు ఆపలేదు. గానా, జియోసావన్, యూట్యూబ్‌లో యాడ్స్‌తో ఫ్రీగా, చట్టబద్ధంగా పాటలు దొరకడం మొదలయ్యాక దాని అవసరమే పోయింది.

సినిమాకి అది అంత తేలిక కాదు. పాటకు పెట్టే ఖర్చు వేరు, సినిమాకి పెట్టేది వేరు. పైగా థియేటర్‌కీ ఓటీటీకీ మధ్య ఎంత గ్యాప్ ఉండాలన్న గొడవ ఇండస్ట్రీలోనే తెగలేదు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు బంద్ పెట్టి మరీ, ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీ అని నిర్ణయించారు. ఆ తర్వాత నాలుగు వారాలకే వచ్చేసిన తెలుగు సినిమాలు ఎన్నో. నెల ఆగితే ఇంట్లోనే చూడొచ్చని ప్రేక్షకుడికి అలవాటు చేసింది ఇండస్ట్రీనే. ఆ నెల కూడా ఎందుకు ఆగాలి అన్న ఆలోచనను సొమ్ము చేసుకున్నవి పైరసీ సైట్లు.

పాత సినిమాలు, రివ్యూల సంగతేంటి?

కాపీరైట్ ఎప్పటికీ ఉండదు. మన చట్టంలో సినిమాకి రిలీజైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాకి గడువు 2017 చివరితో ముగిసింది. అయితే అందులోని మాటలు, పాటలకు వేరే లెక్క. రచయిత చనిపోయాక 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన రాతలకు 2031 చివరి వరకు రక్షణ ఉంటుంది. పాత సినిమా కదా అని మొత్తం ఎత్తి యూట్యూబ్‌లో పెట్టేసేవాళ్లకు స్ట్రైకులు పడే కారణాల్లో ఇదొకటి. విమర్శ, సమీక్ష కోసం చిన్న క్లిప్ వాడుకోవడానికి మాత్రం సెక్షన్ 52 అనుమతిస్తుంది. రివ్యూ పేరుతో కథంతా సీన్ టు సీన్ చూపిస్తే ఆ మినహాయింపు కాపాడదు.

ఇక ఐబొమ్మ మూతపడ్డాక అదే పేరుతో, అదే లోగోతో కొత్త సైట్లు, యాప్‌లు పుట్టుకొస్తున్నాయి. ప్లేస్టోర్‌లో లేని ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయమని అడిగేవి, ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడిగేవి సినిమా చూపించడానికి వచ్చినవి కావు. ఓటీపీ వచ్చేది అదే ఎస్సెమ్మెస్‌లో. ఇప్పటికే అలాంటిది ఇన్‌స్టాల్ చేసి ఉంటే వెంటనే తీసేసి, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. పైరసీ సైట్‌కి వెళ్లామని చెప్పాల్సి వస్తుందేమోనన్న భయంతో చాలామంది ఆ ఫోన్ చేయడం లేదు. పైన చెప్పుకున్నట్టు, చూసినందుకు కేసు ఉండదు. ఎంత త్వరగా ఫోన్ చేస్తే, డబ్బు వేరే ఖాతాలోకి మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.